పట్టేసిన ఆయిల్ ఇంజను రింగులను విడిపించడం ఎలా?

ఇచ్ఛాపురం, సోంపేట, పాతపట్నం, భామిని వైపు నుంచీ, ఒడిశా సరిహద్దు దాటితే పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల ఉన్న తెలుగు రైతుల నుంచీ వానలు ముఖం చాటేసిన రోజుల్లో ఏటా ఒకే ప్రశ్న వస్తుంది. రబీ పంట అయిపోగానే టార్పాలిన్ కప్పి పక్కన పెట్టిన ఆయిల్ ఇంజనును వరి మడి నెర్రెలిచ్చే వేళకు గెడ్డ (వాగు) ఒడ్డుకు తీసుకువెళితే హ్యాండిల్ తిరగదు, లేదా తిరిగినా కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుడు) రాదు. ఈ రెండింటికీ ఎక్కువ సందర్భాల్లో కారణం పిస్టన్ చుట్టూ గాడుల్లో ఉండే పిస్టన్ రింగులే. తేమకు తుప్పు పట్టి రింగులు లైనరు (పిస్టన్ కదిలే గొట్టం) గోడకు అతుక్కుంటే ఇంజను అసలు తిరగదు. మసి గట్టిపడి రింగులు పిస్టన్ గాడుల్లోనే ఇరుక్కుంటే ఇంజను తిరుగుతుంది గాని, గాలి రింగుల పక్కనుంచి కిందికి జారిపోయి మంట అందుకోదు.

ఇక్కడ చెప్పే పద్ధతి మన పొలాల్లో ఎక్కువగా కనిపించే 5 హార్స్ పవర్, ఒంటి సిలిండరు, నిమిషానికి 1500 చుట్లు తిరిగే, నీటితో చల్లబడే డీజిల్ ఇంజనుకు సంబంధించినది. దీని బోరు (సిలిండరు లోపలి వ్యాసం) సాధారణంగా 80 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 110 మి.మీ. ఉంటాయి. నెమ్మదిగా తిరిగే పెద్ద చక్రాల లిస్టర్ రకం ఇంజనులకు కూడా వరుస ఇదే, కొలతలు మాత్రం మారుతాయి. కొలత చెప్పిన ప్రతి చోటా మీ ఇంజనుతో వచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే ఆ అంకెనే పాటించండి.

ఈ పనిలో ఇంజనులు పాడయ్యేది తుప్పు వల్ల కంటే తొందర వల్ల ఎక్కువ. నానబెట్టి రెండు రోజులు ఆగితే వదిలే రింగును ఇనుప గొట్టం తగిలించి ఒక్కసారిగా తిప్పబోయి విరగ్గొట్టుకుంటారు, కనెక్టింగ్ రాడ్డు కూడా వంచుకుంటారు. నీరు అత్యవసరమైతే పక్క రైతు ఇంజనును రెండు రోజులకు అద్దెకు తెచ్చుకోండి గాని, మీ ఇంజను మీద బలప్రయోగం చేయకండి.

సిద్ధం చేసుకోవలసినవి

పానాల సెట్టు, బాక్సు పానాలు, వీలైతే టార్క్ రెంచి (బిగింపు బలాన్ని చూపే పానా), ఫీలర్ గేజి (సన్నని సందులు కొలిచే రేకులు), 50 మి.లీ. సిరంజి, దాని మూతికి తగిలించే సన్నని ప్లాస్టిక్ గొట్టం. ఒక లీటరు డీజిల్ లేదా కిరోసిన్. పావు లీటరు ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సులకూ పవర్ స్టీరింగుకూ వాడే ఎర్రని నూనె. రెండుసార్లు మార్చడానికి సరిపడా కొత్త ఇంజను ఆయిలు. నాజిల్ (సిలిండరులోకి డీజిల్ చిమ్మే భాగం) కింద వేసే కొత్త రాగి వాషరు. పాత నూలు గుడ్డలు. గట్టి కర్ర దిమ్మ ఒకటి, కిలో సుత్తి ఒకటి. హెడ్ (సిలిండరు పై మూత) విప్పవలసి వస్తే హెడ్ గాస్కెట్టు, రింగు సెట్టు, లైనరు అడుగున ఉండే రబ్బరు రింగులు కూడా కావాలి. బరంపురం, పర్లాకిమిడి, పార్వతీపురం, శ్రీకాకుళం వంటి పట్టణాల్లోని ఇంజను సామాన్ల దుకాణాలకు వెళ్లేటప్పుడు ఇంజను నేమ్ ప్లేటును ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లండి. ఒకే బోరుకు రెండు మూడు రకాల రింగు సెట్లు ఉంటాయి కాబట్టి '5 హెచ్‌పీ రింగులు' అని అడిగితే సరిపోదు.

వీటితోపాటు గాలి పీల్చే మూతిని పూర్తిగా కప్పగలిగే దళసరి చెక్క పలక ఒకటి దగ్గర ఉంచుకోండి. దాని అవసరం చివర్లో చెబుతాను. ఆ పలక లేకుండా మాత్రం ఇంజను స్టార్టు చేయకండి.

పట్టేసినది ఏదో ముందు తేల్చుకోవడం

1. డీజిల్ ట్యాంకు కాక్ మూసివేసి, బెల్టు తీసివేయండి. పంపు నేరుగా ఇంజనుకు బిగించి ఉంటే కప్లింగు బోల్టులు విప్పి రెండింటినీ వేరు చేయండి. చాలామంది దాటవేసే అడుగు ఇదే. ఒండ్రు మట్టి, తుప్పు కలిసి పంపు లోపలి ఇంపెల్లరు బిగుసుకుపోతే ఇంజను పట్టేసినట్టే కనిపిస్తుంది. వేరు చేశాక ఇంజను చక్రం హాయిగా తిరిగితే మీ పని పంపుతోనే. మిగతా అడుగులు మీకు అవసరం లేదు.

2. సంపు (ఇంజను అడుగున ఆయిలు ఉండే తొట్టె) అడుగు బోల్టును కొద్దిగా వదులు చేసి మొదట వచ్చేది ఏమిటో చూడండి. నీరు నూనె కంటే బరువైనది కాబట్టి లోపల నీరు చేరి ఉంటే ముందు అదే బయటకు వస్తుంది. ఆయిలు మజ్జిగలా తెల్లగా ఉన్నా నీరు చేరినట్టే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తరువాత వంశధార పొలాలను ముంచెత్తింది. అటువంటి వరదలో మునిగిన ఇంజనులో నీరు సిలిండరులో కూడా నిలిచి ఉంటుంది. నీరు నొక్కుడు పడదు. పిస్టన్ పైన నీరు ఉండగా హ్యాండిల్‌ను బలంగా తిప్పితే వంగేది రాడ్డే. కాబట్టి మునిగిన ఇంజనుకు నాజిల్ విప్పకుండా హ్యాండిల్ వేయకండి. సంపు ఆయిలు మొత్తం తీసివేయండి.

3. రాకర్ కవరు (వాల్వుల పైన ఉండే మూత) తీసి రెండు వాల్వులను చూడండి. వాల్వు తన గైడులో తుప్పు పట్టి తెరుచుకునే ఉండిపోతే, రింగులు ఎంత బాగున్నా కంప్రెషన్ రాదు. స్ప్రింగు తలపై సుత్తి కర్రతో నొక్కితే వాల్వు కిందికి వెళ్లి వెంటనే పైకి రావాలి. రాకపోతే ముందు దాని కాడకు కిరోసిన్ పట్టించి దాన్ని విడిపించండి. నొక్కుడు కొద్దిగానే ఉండాలి, ఎందుకంటే పిస్టన్ పైన ఉంటే వాల్వు తల దానికి తగులుతుంది.

4. డీకంప్రెషన్ లివర్ (వాల్వును తెరిచి ఉంచే మీట) ఎత్తి, రెండు చేతులతో ఫ్లైవీల్‌ను ముందుకూ వెనక్కూ మెల్లగా కదిలించండి. హ్యాండిల్ ఒకే వైపు పట్టుకుంటుంది కాబట్టి ఈ పరీక్షకు అది పనికిరాదు. అసలు కదలకపోతే రింగులు గోడకు పట్టాయని అనుకుని 5వ అడుగుకు వెళ్లండి. కొంత దూరం కదిలి ఒకే చోట ఠక్కున ఆగితే సిలిండరులో నీరు గాని, విరిగిన ముక్క గాని ఉన్నదని అనుమానించాలి. సాఫీగా తిరుగుతూ కంప్రెషన్ మాత్రం లేకపోతే రింగులు గాడుల్లో ఇరుక్కున్నాయి. అప్పుడు కూడా 5వ అడుగుతోనే మొదలుపెట్టాలి.

విప్పకుండా నానబెట్టి విడిపించడం

5. హై ప్రెషర్ పైపును రెండు కొసల వద్దా వదులు చేసి తీసి, దాని మూతులకూ డీజిల్ పంపు మూతికీ శుభ్రమైన గుడ్డ చుట్టండి. తరువాత నాజిల్‌ను దాని చోటు నుంచి తీయండి. కింద ఉన్న రాగి వాషరు దానితో రాకపోతే రంధ్రంలోనే మిగిలి ఉంటుంది. దాన్ని కూడా తీయండి. పాత వాషరు మీద కొత్త వాషరు వేసి బిగించిన నాజిల్ ఎత్తుగా కూర్చుని పొగ ఎందుకు వస్తున్నదో అంతుపట్టకుండా చేస్తుంది. బయటకు తీసిన నాజిల్‌ను పైపుకు తగిలించి స్ప్రే చూడాలనుకుంటే చేతిని దాని ముందు పెట్టకండి. సుమారు 200 బార్ల ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అలా జరిగితే గాయం సూది మొనంతే కనిపించినా వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి.

6. ట్యాపెట్ నట్లు (వాల్వు సందును సరిచేసేవి) వదులు చేసి, పుష్‌రాడ్ల (వాల్వులను తెరిచే కడ్డీల) మీద రాకర్ల బరువు పడకుండా చేయండి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుంటాయి. డీకంప్రెషన్ లివర్‌ను కూడా దించి ఉంచండి. ఇలా చేయకపోతే మీరు పోసే నూనె రింగుల దగ్గర నిలవకుండా తెరిచి ఉన్న వాల్వు దారిన సైలెన్సరులోకి పోతుంది.

7. సగం ఏటీఎఫ్, సగం డీజిల్ కలిపి నాజిల్ రంధ్రం గుండా సిరంజితో 100 మి.లీ. పోయండి. 80 మి.మీ. పిస్టన్ తల మీద 50 మి.లీ. నూనె సుమారు ఒక సెంటీమీటరు లోతున నిలుస్తుంది; పిస్టన్ తలలో ఉన్న గుంట కొంత తాగుతుంది కాబట్టి రెట్టింపు చెబుతున్నాను. పిస్టన్ పూర్తిగా పైన ఆగి ఉంటే లోపల చోటు 35 మి.లీ.కు మించి ఉండదు, పొంగితే ఆపండి. ఏటీఎఫ్ దొరకకపోతే కిరోసిన్, ఇంజను ఆయిలు సమానంగా కలపవచ్చు. ఈ ఎర్ర నూనె వాడకం కొత్తదేమీ కాదు. జపాన్ కంపెనీ మాజ్డా కొన్ని కార్లలో పెట్టిన రోటరీ ఇంజనులో పిస్టన్ ఉండదు. తిరిగే రోటరు మూడు కొనల వద్ద ఉండే ఎపెక్స్ సీళ్లు రింగుల పని చేస్తాయి. అవి గాడుల్లో ఇరుక్కున్నప్పుడు ఆ కార్ల మెకానిక్కులు స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా ఇదే నూనె పోసి నానబెడతారు.

ఏమి పోయకూడదో కూడా చెప్పాలి. వంట నూనె కొన్నాళ్లకు బంకగా మారి రింగును ఇంకా గట్టిగా అతికిస్తుంది. కూల్‌డ్రింకులోని చక్కెర లోపల మిగిలిపోతుంది. పెట్రోలు క్షణాల్లో ఆవిరై మంటకు కారణమవుతుంది, పైగా నానబెట్టే గుణం దానికి లేదు. కాస్టిక్ సోడా ఇనుమును ఏమీ చేయకపోయినా అల్యూమినియం పిస్టన్‌ను తినేస్తుంది. సిలిండరును పొయ్యి మంటతోనో గ్యాస్ టార్చితోనో వేడి చేసేవారు ఉన్నారు. పోత ఇనుము ఒకే చోట వేడెక్కితే పగులుతుంది, లోపల నూనె ఆవిరి ఉంటే అంటుకుంటుంది. పని జరుగుతున్నంతసేపూ ఇంజను దగ్గర బీడీ, చుట్ట కాల్చనీయకండి.

8. నాజిల్ రంధ్రానికి గుడ్డ కుక్కి 24 గంటలు వదిలేయండి. మరునాడు నూనె మట్టం తగ్గితే మంచిదే, అది రింగుల దారిన దిగుతున్నదన్న మాట. తగ్గినంత తిరిగి పోసి, ఫ్లైవీల్‌ను రెండు వైపులా ఊపండి. కదలకపోతే మరో రోజు. సముద్రపు గాలి తగిలే ఉద్దానం ఊళ్లలో తుప్పు గట్టిగా ఉంటుంది కాబట్టి నాలుగైదు రోజులు పట్టినా ఆశ్చర్యపోకండి. ఫ్లైవీల్‌కు పొడవాటి గొట్టం తగిలించి ఇద్దరు ముగ్గురు వేలాడటం, క్రాంకు షాఫ్టు కొస మీద సుత్తితో కొట్టడం వద్దు.

9. చక్రం వేలెడంత కదిలిందంటే సగం పని అయినట్టే. కాని వెంటనే పూర్తి చుట్టు తిప్పకండి. రింగు కింద గోడ మీద ఇంకా తుప్పు పొర ఉంటుంది. కదిలినంత మేరే ముందుకూ వెనక్కూ పదిసార్లు ఊపి, కొంచెం నూనె పోసి, మళ్లీ ఊపుతూ ఆ దూరాన్ని పెంచుకుంటూ పోండి. పూర్తి చుట్టు తిరిగాక ట్యాపెట్లను పుస్తకంలో చెప్పిన సందుకు సరిచేయండి. నాజిల్ రంధ్రం మీద గుడ్డ పరిచి ఇరవై చుట్లు తిప్పితే మిగిలిన నూనె బయటకు చిమ్ముతుంది. ఈ చిమ్మే నూనెకు ముఖం దూరంగా ఉంచండి.

నానబెట్టిన నూనెలో కొంత భాగం సంపులోకి దిగి ఉంటుంది. 2వ అడుగులో ఆయిలు తీసినవారు కూడా ఇప్పుడు సంపులో చేరినదంతా తప్పనిసరిగా తీసి కొత్త ఆయిలు పోయాలి. డీజిల్ కలిసి పలుచబడిన ఆయిలుతో నడిపితే రింగులు బాగుపడతాయి గాని బేరింగులు పోతాయి. ఇక్కడితో ఇంజను వదిలి కంప్రెషన్ వస్తే హెడ్ విప్పనవసరం లేదు. నేరుగా ఫలితం సరిచూసుకునే భాగానికి వెళ్లండి.

హెడ్ విప్పి పిస్టన్‌ను బయటకు తీయడం

అయిదారు రోజులు నానబెట్టినా కదలకపోయినా, కదిలాక కంప్రెషన్ రాకపోయినా ఇక విప్పక తప్పదు. ఇంతవరకు ఎప్పుడూ ఇంజను విప్పనివారు ఇక్కడి నుంచి అనుభవం ఉన్న మెకానిక్కును పక్కన పెట్టుకోవడం మంచిది. అతను చేస్తుంటే మీరు ఈ వరుస సరిచూసినా చాలు.

10. నీటి గొట్టాలు తీసి, జాకెట్టు (సిలిండరు చుట్టూ నీరుండే చోటు) లోని నీరంతా వదిలివేయండి. పుష్‌రాడ్లలో ఏది ఇన్‌లెట్టుదో, ఏది ఎగ్జాస్టుదో సుద్దతో గుర్తు పెట్టండి. హెడ్ నట్లను ఎదురెదురుగా, ఒక్కొక్కటి అర చుట్టు చొప్పున వదులు చేయండి. ఒక వైపంతా ముందే విప్పేస్తే హెడ్ వంకరపోతుంది.

11. హెడ్ తీయగానే పిస్టన్ ఎక్కడ ఆగిందో చూడండి. నడిమధ్య ఉంటే, పిస్టన్ తలపై కర్ర దిమ్మ పెట్టి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ కదల్చవచ్చు. పూర్తిగా పైన గాని, పూర్తిగా కింద గాని ఉంటే అలా కొట్టకండి. ఆ స్థితిలో రాడ్డు, క్రాంకు ఒకే గీతలో ఉంటాయి కాబట్టి ఎంత కొట్టినా చక్రం తిరగదు. దెబ్బంతా బేరింగు మీద పడుతుంది. అప్పుడు పక్క డోరు తెరిచి బిగ్ ఎండ్ టోపీని (రాడ్డు కింది కొసను క్రాంకుకు పట్టి ఉంచే సగాన్ని) విప్పి, టోపీకీ రాడ్డుకూ జత గుర్తులు పెట్టుకోండి. పిస్టన్ పైన ఆగి ఉంటే క్రాంకును కిందికి తిప్పి, దిమ్మ మీద మెల్లగా తట్టి పిస్టన్‌ను కొద్ది మిల్లీమీటర్లు కిందికి జరపండి. తుప్పు పొర ఒకసారి విడిపోతే పైకి తోయడం సులభం. పిస్టన్ కిందే ఆగి ఉంటే క్రాంకును పక్కకు తిప్పి, డోరు వైపు నుంచి రాడ్డు కింద కర్ర పెట్టి పైకి తట్టాలి.

12. పిస్టన్‌ను పైకి తోసే ముందు లైనరు పై అంచు చుట్టూ గట్టిపడిన మసిని గోకి తీసివేయండి. ఈ మసి గట్టును వదిలేసి పిస్టన్‌ను తోస్తే పై రింగు దానికి తగిలి విరుగుతుంది, కొన్నిసార్లు పిస్టన్ గాడి అంచును కూడా లేపేస్తుంది. తరువాత బిగ్ ఎండ్ విప్పి, సుత్తి కర్రతో రాడ్డును పైకి నెడుతూ పిస్టన్‌ను బయటకు తీయండి.

13. ఎంతకూ రాకపోతే మరో దారి ఉంది. నీటితో చల్లబడే చాలా ఇంజనుల్లో లైనరు విడిగా వస్తుంది. పిస్టన్‌తో సహా లైనరును పైకి లాగి పట్టణంలోని లేత్ షాపుకు తీసుకువెళితే ప్రెస్సు మీద పెట్టి నెమ్మదిగా తోస్తారు. సుత్తి దెబ్బల కంటే ఇది ఎంతో మేలు. ఇలా తీసిన లైనరును తిరిగి దింపేటప్పుడు అడుగు రబ్బరు రింగులు కొత్తవే వేయాలి. పాతవి వేస్తే నీరు సంపులోకి కారి మళ్లీ మొదటికి వస్తారు.

రింగులు, గాడులు, లైనరు

14. పిస్టన్‌ను డీజిల్ నింపిన డబ్బాలో ఒక రాత్రి ముంచి ఉంచండి. ఉదయం రింగు చుట్టూ కర్ర పుల్లతో తడుతూ పోతే ఎక్కడో ఒకచోట కదలిక మొదలవుతుంది. రింగు కొసలు కనిపించే సందు దగ్గర మొదలుపెట్టి, పలుచని రేకు పట్టీలను ఒక్కొక్కటిగా కిందికి జొప్పించి, మూడు నాలుగు పట్టీల మీదుగా రింగును పైకి జార్చండి. పోత ఇనుప రింగు విల్లులా వంగదు, పుటుక్కున విరుగుతుంది. స్క్రూడ్రైవరుతో ఒక కొస పట్టి లేపడమే రింగులు విరగడానికి మొదటి కారణం. ఏ రింగు ఏ గాడిలోదో, ఏ వైపు పైకి ఉన్నదో తీస్తున్నప్పుడే వరుసగా పేర్చి గుర్తించండి.

15. గాడులను శుభ్రం చేయడానికి విరిగిన పాత రింగు ముక్క కొసను చదునుగా రాపిడి చేసి వాడండి. దాని వెడల్పు గాడికి సరిపోతుంది కాబట్టి మసిని మాత్రమే తీస్తుంది. హాక్సా బ్లేడు, స్క్రూడ్రైవరు అల్యూమినియాన్ని కూడా గీకి గాడిని వెడల్పు చేస్తాయి. ఆ తరువాత ఎంత కొత్త రింగు వేసినా గాలి దాని వెనుక నుంచి జారుతుంది. ఆయిల్ రింగు గాడిలో ఉన్న చిన్న రంధ్రాలను మరచిపోకండి. అవి మసితో మూసుకుంటే గోడ మీది ఆయిలు వెనక్కి దిగే దారి లేక పైకి పోయి కాలుతుంది, నీలం పొగ వస్తుంది.

గాడి శుభ్రమైందో లేదో ఇలా తెలుసుకోండి. రింగును దాని గాడిలో నిలువుగా దొర్లిస్తే చుట్టూ ఎక్కడా తట్టుకోకుండా తిరగాలి. తొడిగాక పిస్టన్‌ను పక్కకు పడుకోబెడితే రింగు తన బరువుకే గాడిలోకి దిగాలి, వేలితో నొక్కితే పిస్టన్ అంచు కంటే లోపలికి వెళ్లాలి. రింగుకూ గాడికీ మధ్య పక్క సందు ఫీలర్ గేజితో చూస్తే 0.05 నుంచి 0.1 మి.మీ. వరకు ఉండటం మామూలు, 0.2 మి.మీ. దాటితే పిస్టన్ మార్చాలి.

16. రింగును ఒంటరిగా లైనరులోకి దింపి, పిస్టన్ తలతో తోసి సమంగా కూర్చోబెట్టి, కొసల మధ్య సందు కొలవండి. 100 మి.మీ. బోరుకు 0.3 నుంచి 0.4 మి.మీ. అన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. దాని ప్రకారం 80 మి.మీ. బోరుకు 0.24 నుంచి 0.32 మి.మీ. ఉండాలి. సందు మరీ తక్కువైతే వేడికి కొసలు ఒకదాన్నొకటి తాకి రింగు గోడను కోస్తుంది. పాత రింగుకు సందు 1 మి.మీ. దాటితే అది ఎంత శుభ్రంగా కనిపించినా పక్కన పెట్టండి. లైనరు పైభాగం ఎక్కువ అరుగుతుంది కాబట్టి ఈ కొలతను పైనా కిందా రెండు చోట్ల తీయండి. రెండింటికీ పెద్ద తేడా ఉంటే అరిగినది లైనరు.

17. లైనరు గోడ మీద పైపై తుప్పును సన్న ఎమరీ కాగితం, డీజిల్‌తో తీయవచ్చు. నిలువుగా గాని గుండ్రంగా గాని కాక, ఏటవాలుగా అటూ ఇటూ గీతలు ఒకదాన్నొకటి కోసేలా రుద్దండి. ఆయిలు నిలిచేది ఆ గీతల్లోనే. గోరుతో నిమిరితే తట్టుకునే గుంటలు ఉంటే లైనరు మార్చవలసిందే. రుద్దాక డీజిల్‌తో తుడిచి ఊరుకోకండి. డీజిల్ ఎమరీ పొడిని గీతల్లోకి ఇంకా దింపుతుంది. వేడి నీరు, సబ్బు, బ్రష్షుతో కడిగి, వెంటనే ఆరబెట్టి, ఆయిలు తడిపిన తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు మరక రాకుండా పోయేవరకు ఈ తుడవడం ఆపకూడదు.

తిరిగి బిగించడం

18. రింగుల మీద 'టాప్' అని గాని, చుక్క గాని ఉన్న వైపు పైకి రావాలి. రింగుల సందులు ఒకే గీతలో పడకుండా ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో పెట్టండి. పిస్టన్, రింగులు, లైనరు అన్నిటికీ ఆయిలు బాగా పట్టించి, రింగు కంప్రెసరుతో లేదా పలుచని రేకు చుట్టి హోస్ క్లిప్పు బిగించి, పిస్టన్‌ను సుత్తి కర్రతో మెల్లగా తోయండి. మధ్యలో ఆగిపోతే కొట్టకండి. ఒక రింగు బయటకు జారి ఉంటుంది, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి.

19. బిగ్ ఎండ్ టోపీని గుర్తులు కలిసేలా పెట్టి, పుస్తకంలో చెప్పిన టార్క్‌కు బిగించండి. హెడ్ గాస్కెట్టు కొత్తదే వేసి, నట్లను ఎదురెదురుగా మూడు విడతల్లో బిగించండి. ట్యాపెట్ సందు చూసి, సంపులో కొత్త ఆయిలు పోయండి. నాజిల్‌ను ఇప్పుడే పెట్టకండి.

ఫలితాన్ని సరిచూసుకోవడం

నాజిల్ లేకుండా ఇంజనును చేత్తో తిప్పి, రంధ్రం నుంచి నూనె రావడం లేదని నిర్ధారించుకున్నాకే నాజిల్‌ను కొత్త వాషరుతో బిగించండి. డీకంప్రెషన్ లివర్ దించి ఫ్లైవీల్‌ను నెమ్మదిగా తిప్పండి. కంప్రెషన్ బాగుంటే చక్రం ఒకచోట ఎదురు తిరిగి వెనక్కి నెడుతుంది. ఆ ఒత్తిడి మీద చక్రాన్ని పట్టుకుని చెవి పెట్టి వినండి. సుయ్‌మనే శబ్దం బ్రీదరు (సంపు వైపు గాలి బయటకు పోయే గొట్టం) నుంచి వస్తే గాలి రింగుల దారిన పోతున్నది. గాలి పీల్చే మూతి నుంచి వస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సరు నుంచి వస్తే ఎగ్జాస్టు వాల్వు సరిగా కూర్చోవడం లేదు.

ఇంకా అనుమానం ఉంటే నాజిల్ తీసి ఒక చెంచా, అంటే 5 మి.లీ. ఇంజను ఆయిలు పోసి మళ్లీ తిప్పండి. కంప్రెషన్ ఒక్కసారిగా పెరిగితే లోపం రింగుల్లో లేదా లైనరులో ఉంది. మార్పు లేకపోతే వాల్వులనూ గాస్కెట్టునూ చూడాలి. అంతకంటే ఎక్కువ పోయకండి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటే 35 మి.లీ. కాబట్టి ఎక్కువ నూనె ఆ చోటును నింపి లేని కంప్రెషన్‌ను ఉన్నట్టు చూపుతుంది.

ఇక స్టార్టు చేయడం. డీజిల్ లైనులోని గాలి తీసి, మరొకరి చేతికి చెక్క పలక ఇచ్చి గాలి మూతి దగ్గర నిలబెట్టండి. లోపల మిగిలిన నూనె అంటుకుంటే డీజిల్ ఆపినా ఇంజను ఆగకుండా వేగం పెంచుకుంటూ పోగలదు. అప్పుడు దాన్ని ఆపగలిగేది గాలి అందకుండా చేయడం ఒక్కటే. చేయి గాని గుడ్డ గాని అడ్డు పెట్టకండి, లాగేసుకుంటుంది, పలకతో మూసివేయండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటన వేలు మిగతా వేళ్ల వైపే ఉంచండి. ఎదురు తన్నితే బొటన వేలు విరగకుండా ఉంటుంది.

మొదటి పది పదిహేను నిమిషాలు తెల్లని దట్టమైన పొగ వస్తుంది, భయపడకండి. అది నానబెట్టిన నూనె కాలడం. ఆ తరువాత కూడా నీలం పొగ ఆగకపోతే ఆయిల్ రింగులు ఇంకా పట్టే ఉన్నాయి. నల్ల పొగ అయితే అది నాజిల్ లేదా లోడు సమస్య, రింగులది కాదు. బ్రీదరు నుంచి కొద్దిగా గాలి రావడం మామూలే. పొగ బుసబుసమంటూ ఆయిలు తుంపరలతో వస్తే రింగులు పని చేయడం లేదు. అరగంట నడిపి ఆపి, వేడిగా ఉండగానే ఆయిలు మరొకసారి మార్చండి.

విప్పకుండా వదిలిన రింగులు ఒక్కోసారి మొదటి గంటలో పూర్తిగా తేరుకోవు. కంప్రెషన్ సగం వచ్చి ఆగితే వెంటనే విప్పేయకండి. పంపు తగిలించి, ఓ మోస్తరు లోడు మీద నాలుగైదు గంటలు నడిపి చూడండి. వేడికీ ఒత్తిడికీ మెత్తబడిన మసి తనంతట తాను రాలి రింగు విచ్చుకోవచ్చు. లోడు లేకుండా గంటల తరబడి ఊరికే తిప్పడం మాత్రం దీనికి మందు కాదు. అది కొత్త మసిని పోగు చేస్తుంది.

మళ్లీ పట్టకుండా

రింగులు గాడుల్లో ఇరుక్కోవడానికి మన వైపు పెద్ద కారణం చాలామంది గమనించనిది: ఇంజను మరీ చల్లగా నడవడం. కొండల నుంచి వచ్చే గెడ్డ నీటిని, మహేంద్రతనయ నది నీటిని నేరుగా జాకెట్టులోకి పూర్తిగా వదిలితే, ఇంజను నుంచి బయటకు వచ్చే నీరు గోరువెచ్చగా కూడా ఉండదు. చల్లని గోడల మధ్య డీజిల్ పూర్తిగా కాలక బంకగా మారి రింగుల వెనుక చేరుతుంది. బయటకు వచ్చే నీరు 60 నుంచి 70 డిగ్రీల వేడి ఉండాలి, అంటే ఆ ధారలో చేయి ఒకటి రెండు క్షణాలకు మించి ఉంచలేనంత. లోపలికి వెళ్లే నీటి కాక్‌ను కొద్ది కొద్దిగా తగ్గిస్తూ ఆ వేడి వచ్చే చోట ఆపి, కాక్ మీద రంగుతో గీత పెట్టుకోండి. ధార అసలు ఆగిపోకుండా మాత్రం కనిపెట్టి ఉండాలి.

రబీ చివర ఇంజనును పక్కన పెట్టే రోజున దాన్ని బాగా వేడెక్కేవరకు నడిపి, పాత ఆయిలు తీసి కొత్తది పోయండి. జాకెట్టు నీరు వదిలివేయండి. నాజిల్ తీసి రెండు మూడు చెంచాల ఇంజను ఆయిలు పోసి, చేత్తో పది చుట్లు తిప్పి, నాజిల్ బిగించండి. చివరగా చక్రాన్ని కంప్రెషన్ ఎదురు తిరిగే చోటు దాకా తెచ్చి ఆపండి. అక్కడ రెండు వాల్వులూ మూసి ఉంటాయి కాబట్టి తేమ గాలి లోపలికి రాదు. సైలెన్సరు మూతికి డబ్బా బోర్లించి, గాలి మూతికి పాలిథిన్ కట్టండి. పదిహేను రోజులకు ఒకసారి డీకంప్రెషన్ లివర్ ఎత్తి చక్రాన్ని రెండు మూడు చుట్లు తిప్పి, మళ్లీ అదే కంప్రెషన్ స్థానంలో ఆపండి. తిప్పిన తేదీని ఇంజను షెడ్డు గోడ మీద సుద్దతో రాసి ఉంచితే ఇంట్లో ఎవరైనా ఆ పని అందుకోగలరు.